మిల్లు చప్పుడులో తెలుగు అందుతుంది, ఒడియా అందదు: లోపం చెవిలోనా, మెదడులోనా?

పిండిమర, పర్లాకిమిడి:

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. నాన్నగారి నాటి పిండిమర ఇప్పుడు నేనే నడుపుతున్నాను. బియ్యం, చోళ్లు, శనగపప్పు ఆడిస్తాం, ఎండాకాలంలో పక్కగదిలో కారం. వచ్చేవాళ్లలో సగం మంది తెలుగు, సగం మంది ఒడియా. సంత రోజున కొండ దిగి వచ్చే సవరలు వేరే.

నా బాధ ఏటంటే, మర తిరుగుతున్నప్పుడు ఎవరైనా తెలుగులో "బాబూ, బరకగా ఆడు" అంటే నాకు టక్కున అందుతుంది. అదే దూరంలో నిలబడి, అంతే గొంతుతో ఒడియా ఆవిడ "మోటా" (బరకగా) అందో "సరు" (సన్నగా) అందో తేల్చుకోలేను. మళ్లీ అడగాలి, ఒక్కోసారి మూడోసారి కూడా. నాకు ఒడియా రాదనుకునేరు! పదో తరగతి దాకా ఒడియా మీడియమే చదివాను. బేరాలూ తగువులూ అన్నీ అందులోనే. మర ఆపితే ఒక్క ముక్క పోదు.

రెండో సంగతి ఇంకా చిత్రం. మా మరకి పాతకాలం పట్టా బెల్టు. దాని అతుకు దగ్గర ఇనప క్లిప్పులు ఉంటాయి కదా, అవి పుల్లీ మీదికి వచ్చినప్పుడల్లా "టక్" మంటుంది. అన్ని టక్కులూ ఒకటేనని నాకు తెలుసు. అయినా నా చెవికి మాత్రం ఒకటి గట్టిగా, ఒకటి మెత్తగా, జంటలు జంటలుగా వినిపిస్తుంది. మా ఆవిడ "కాదు, మూడేసి" అంది. ఆ మాట విన్న క్షణం నుంచి నాకూ మూడేసే! తడిసిన బియ్యం వేస్తే బెల్టు జారి టక్కులు అడ్డదిడ్డంగా పడతాయి. అప్పుడు తెలుగు కూడా సరిగ్గా అందదు.

పక్క కొట్టు ఆయన "నీకు చెవుడు మొదలైంది" అంటున్నాడు. మా మేనల్లుడు ఏవో మెదడు తరంగాల రీలు పంపి, హెడ్‌ఫోన్లో 40 హెర్ట్జ్ (సెకనుకు 40 సార్లు కొట్టే) చప్పుడు వింటే బుర్ర పదునెక్కుతుందన్నాడు. ఇందులో ఏది నిజమో తెలిసినవాళ్లు చెప్పండి. లెక్క కావాలంటే: మోటారు 1440 ఆర్‌పీఎం, దాని పుల్లీ 5 అంగుళాలు, బెల్టు 13 అడుగులు.

మోటారు వైండింగ్, రాయగడ:

క్లిప్పులు పీకేసి బెల్టు కుట్టించు. లేదా వీ-బెల్టుకి మారిపో. టక్కూ ఉండదు, డౌటూ ఉండదు. మెదడు సంగతి తరవాత చూసుకోవచ్చు.

ఈఈజీ గది, బరంపురం:

తమ్ముడూ, నేను డాక్టర్ని కాదు. ఈఈజీ, అంటే మెదడులో లేచే కరెంటు అలల్ని గీతలుగా పట్టే పరీక్ష, తీసే టెక్నీషియన్‌ని. జనాల నెత్తికి పేస్టు రాసి ఎలక్ట్రోడ్లు అంటించడం నా పని. "తలంటుకుని రండి, నూనె రాయకండి" అని మూడు భాషల్లో చీటీ ఇచ్చినా సగం మంది కొబ్బరినూనె కారుతూనే వస్తారు. నీ ప్రశ్న చూశాక భోజనం పక్కన పెట్టి రాస్తున్నాను. నువ్వు చెప్పిన రెండు సంగతులూ ఒకటి కాదు. ముందు టక్కుల సంగతి చూద్దాం, అది తేలిక.

మెదడుకి లయ ఉందన్నది రీలువాళ్లు కనిపెట్టింది కాదు. జర్మనీలో యేనా అనే ఊళ్లో హాన్స్ బెర్గర్ అనే వైద్యుడు 1924లో మనిషి తల మీంచి ఆ గీతలు మొదటిసారి పట్టాడు, 1929లో ప్రకటించాడు. కళ్లు మూసుకోమంటే తల వెనక భాగంలో సెకనుకు పది చొప్పున అలలు లేస్తాయి. కళ్లు తెరిస్తే అణిగిపోతాయి. ఇది నాకు రోజూ కనిపించేదే. ఇంకో పరీక్షలో పేషెంటు ముఖం ముందు లైటు టపటపా కొట్టిస్తాం. సెకనుకు పది కొడితే వెనక గీత పదికి కలుస్తుంది. పన్నెండుకి మారిస్తే చాలామందిలో అదీ పన్నెండుకి మారుతుంది. కొత్తగా చేరిన కుర్రాళ్లకి ఇది చూపిస్తే నోరు వెళ్లబెడతారు. చెవి విషయంలోనూ ఇలాంటిదే జరుగుతుంది, కాకపోతే కణతల వైపు, ఇంకా నెమ్మదైన అలల్లో.

ఇప్పుడు నీ బెల్టు. 5 అంగుళాల పుల్లీ చుట్టుకొలత దాదాపు 15.7 అంగుళాలు. 1440 ఆర్‌పీఎం అంటే సెకనుకు 24 చుట్లు. అంటే బెల్టు సెకనుకు 31 అడుగుల పైచిలుకు పరిగెడుతుంది. దాన్ని 13తో భాగించు, సెకనుకు 2.4 టక్కులు! ఈ లెక్క వేసి నేను కుర్చీలోంచి లేచాను. ఎందుకంటే 2011లో సిల్వీ నొజారడాన్ బృందం ఈఈజీతో చేసిన ప్రయోగంలో వాడిన తాళం కూడా 2.4 హెర్ట్జే. అన్నీ ఒకేలా ఉన్న తాళం వినిపించి, "దీన్ని మనసులో రెండేసిగా అనుకోండి" అన్నారు. మెదడు గీతల్లో 2.4తో పాటు 1.2 దగ్గర కూడా శిఖరం లేచింది. "మూడేసిగా అనుకోండి" అంటే 0.8 దగ్గర లేచింది. శబ్దంలో 1.2 లేదు, 0.8 లేదు. విన్నవాడి తలలో ఉంది. మీ ఆవిడ "మూడేసి" అన్న మాట నీ తలలో చేసిన పని అదే. గడియారం టిక్కులన్నీ ఒకేలా కొట్టినా మనకి టిక్-టాక్‌గా వినిపించేదీ ఇందుకే.

ఇక మాట. ఏ భాషలోనైనా మాట్లాడేటప్పుడు గొంతు గట్టితనం లేచి పడుతూ ఉంటుంది, ఇంచుమించు అక్షరానికొకసారి. వేరువేరు భాషల్లో కొలిచి 2017లో వేసిన లెక్క ప్రకారం మాటకి ఆ లేచిపడడం సెకనుకు సుమారు 5 దగ్గర ఎక్కువ, సంగీతానికి 2 దగ్గర. మెదడులో 4 నుంచి 8 హెర్ట్జ్ దాకా ఉన్న అలల్ని థీటా అంటారు. వినికిడి చూసే భాగంలో ఈ థీటా, మాట లేచిపడే తీరుతో జత కలుస్తుంది. జత కలిస్తే లాభం ఏటంటావా? అల ఒక దశలో ఉన్నప్పుడు న్యూరాన్లు (మెదడు కణాలు) చిన్న చప్పుడుకీ ఉలిక్కిపడతాయి, ఎదురు దశలో మొద్దుగా ఉంటాయి. ఉయ్యాల ఊపేవాడు అది వెనక్కి వచ్చిన క్షణంలోనే తోస్తాడు కదా, అక్షరం కూడా ఆ చురుకు దశలో వచ్చి తగిలితే బాగా అందుతుంది. జర్మనీలో హెన్రీ, ఒబ్లెజర్ అనే ఇద్దరు 2012లో దీన్ని చక్కగా చూపించారు. సెకనుకు 3 సార్లు ఊగే శబ్దంలో వినీవినపడనంత చిన్న ఖాళీలు దాచారు. ఆ ఖాళీ చెవికి దొరికిందా లేదా అన్నది, అది వచ్చిన క్షణంలో మెదడు అల ఏ దశలో ఉందో దాన్ని బట్టి మారింది.

నాకు బాగా నచ్చిన ప్రయోగం ఇంకొకటి ఉంది. ఘిట్జా, గ్రీన్‌బర్గ్ 2009లో చేశారు. వాక్యాల్ని మూడింతల వేగానికి కుదించి వినిపిస్తే విన్నవాళ్లకి సగం మాటలు కూడా సరిగ్గా దొరకలేదు. అప్పుడు ఆ కుదించిన శబ్దాన్ని 40 మిల్లీసెకన్ల ముక్కలు చేసి, ముక్కకీ ముక్కకీ మధ్య 80 మిల్లీసెకన్ల నిశ్శబ్దం పెట్టారు. కొత్త సమాచారం ఒక్క అణువు కూడా కలపలేదు, ఉత్త ఖాళీ! తప్పులు బాగా తగ్గిపోయాయి. 40కి 80 కలిపితే 120, అంటే సెకనుకు ఎనిమిది ముక్కలు, థీటా పట్టగలిగే వేగం. అవే ఖాళీలు ఎగుడుదిగుడుగా పెడితే తప్పులు మళ్లీ పెరిగాయి. నీ తడి బియ్యం గొడవ దీనికి దగ్గరగా ఉంది. టక్కు సమంగా పడుతున్నంతసేపు ఎప్పుడు పడుతుందో మెదడుకి ముందే తెలుసు, దాన్ని పక్కన పెట్టి మాట మీద పడుతుంది. బెల్టు జారితే ప్రతి టక్కూ కొత్త కబురే. ఇది నా ఊహ, నీ మర మీద ఎవరూ ప్రయోగం చెయ్యలేదు.

మరి ఒడియా? ఇక్కడ మాత్రం లయని నెత్తికెత్తుకోవద్దు. తెలుగు మాటలాగే ఒడియా మాట కూడా ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తుంది, రెంటి నడకా మరీ తూర్పు పడమర కాదు. అసలు కారణం వేరు. చప్పుడులో సగం అక్షరాలు మునిగిపోతాయి. మిగిలిన సగంతో మాట పూర్తి చేసుకోవాలి. ఆ పూర్తి చేసే పని అమ్మ దగ్గర నేర్చిన భాషలో మెరుపులా జరుగుతుంది, బళ్లో నేర్చిన భాషలో, అది ఎంత బాగా వచ్చినా, కాస్త వెనకబడుతుంది. నిశ్శబ్దంలో ఈ తేడా కనపడదు, రొదలో బయటపడుతుంది. రెండో భాష మీద ఇలాంటి పరీక్షలు చాలానే జరిగాయి. ఫలితం ఇదే. నువ్వు రోజూ ఒడియా మాట్లాడుతున్నా సరే.

ఇంకో మాట కూడా చెప్పాలి, లేకపోతే ఒకవైపే చెప్పినవాణ్ణవుతాను. గీతలు మాటతో కలిసి నడవడం చూసి "మెదడు సొంత లయ జత కలిసింది" అనేవాళ్లు ఒక జట్టు. "సొంత లయా లేదు, ఏమీ లేదు, ప్రతి అక్షరానికీ ఒక స్పందన లేస్తోంది, వరసగా లేస్తే లయలా కనిపిస్తుంది" అనేవాళ్లు ఇంకో జట్టు. ఈ తగువు ఇంకా తెగలేదు. నేను మొదటి జట్టు వైపు కొంచెం మొగ్గుతాను, అంతే.

మీ మేనల్లుడి రీలు సంగతి: సెకనుకు 40 సార్లు కొట్టే శబ్దానికి మెదడు 40 హెర్ట్జ్‌తో బదులు చెప్పడం నిజం. 1981లోనే గాలంబోస్ బృందం చూపించింది. ఇలాంటి బదులుని పట్టుకునే నోరు విప్పి చెప్పలేని పసిపిల్లలకి వినికిడి పరీక్ష చేసే పద్ధతి వచ్చింది. (వాళ్లకి 40 కాదు, 80 దాటిన వేగాలు వాడతారు.) దాన్నిబట్టి హెడ్‌ఫోన్ పెడితే బుర్ర పదునెక్కుతుందనడం వ్యాపారం.

ఆఖరుగా, పక్క కొట్టు ఆయన మాట తీసిపారేయకు. పిండిమర రొదలో ఏళ్లు గడిపినవాళ్లకి చెవి దెబ్బతినడం మామూలే. 85 డెసిబెల్స్ దాటిన చోట రోజూ ఎనిమిది గంటలు ఉండడం చెవికి చేటు. ముందు పోయేది 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల. అక్కడ పోతే స, త, క లాంటి హల్లులు మసకబారతాయి, అచ్చులు బాగానే ఉంటాయి. అందుకే మనిషికి "నాకు వినపడుతోంది, అర్థం కావట్లేదు" అనిపిస్తుంది. మెదడు లయ గురించి ఎంత తెలిసినా ఇది కప్పిపుచ్చదు. ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) తీయించు.

గుణుపురం మేష్టారు:

ఈఈజీ బాబు రాసింది బాగుంది. వీధిబడి అనుభవం ఒకటి కలుపుతాను.

మా దగ్గర తెలుగు చదివే పిల్లల్లో ఇంట్లో ఒడియా మాట్లాడేవాళ్లూ ఉంటారు. ఒడియాలో దీర్ఘం రాతలో ఉంటుంది, పలుకులో పట్టించుకోరు. వీళ్లకి డిక్టేషన్ చెబితే "పడు", "పాడు" ఒక్కటైపోతాయి. అది ఊహించగలిగేదే. నన్ను ఆశ్చర్యపరిచింది తెలుగింటి పిల్లలు! వాక్యం గబగబా చదివి చివరి మాట దగ్గర మామూలు వేగానికి దిగితే, నేను హ్రస్వంగా పలికినదానికి వాళ్లు దీర్ఘం పెట్టేవారు. సాగదీసి చదువుతూ వచ్చి చివర మామూలుగా పలికితే దీర్ఘం ఎగిరిపోయేది. చాలాకాలం పిల్లల అజాగ్రత్త అనే అనుకునేవాణ్ణి.

డచ్చి భాషలోనూ హ్రస్వదీర్ఘాల తేడాతో అర్థం మారే జంటలు ఉన్నాయట. నెదర్లాండ్స్‌లో కోసెమ్ అనే ఆవిడ బృందం 2018లో ఇదే చూసింది. వాక్యం మొదట వేగంగానో నెమ్మదిగానో వినిపించి, చివరి మాటకి వేగం మార్చారు. మొదటి వేగం తాలూకు లయ మెదడులో వెంటనే ఆగలేదు, చివరి మాట దాకా కొనసాగింది. విన్నది హ్రస్వమా దీర్ఘమా అన్నది ఆ మిగిలిన లయని బట్టి మారింది. బాబు చెప్పిన రెండు జట్ల తగువులో ఇది మొదటి జట్టుకి బలమని నాకనిపిస్తుంది. అక్షరానికో స్పందన మాత్రమే అయితే, వేగం మారిపోయాక పాతది ఎందుకు మిగలాలి?

అప్పటి నుంచి డిక్టేషన్‌లో వాక్యమంతా ఒకే వేగంతో చదువుతున్నాను. మాట విడిగా మళ్లీ చెప్పను, వాక్యం మొదటి నుంచీ చెబుతాను.

చెవి అంటే ఒకటి గుర్తొచ్చింది. పర్లాకిమిడిలో ఉండి సవర భాషకి నిఘంటువు, వ్యాకరణం రాసిన గిడుగు రామమూర్తి పంతులుగారికి కొండల్లో తిరిగి మలేరియా వస్తే, వాడిన క్వినైన్ వల్ల చెవుడు వచ్చింది. ఊరి మాటల్ని అంత నిశితంగా పట్టినవాడికి ఆ గతి! మీరు పరీక్ష వాయిదా వెయ్యకండి.

పిండిమర, పర్లాకిమిడి:

అన్నగారికీ మేష్టారికీ దండాలు. 2.4 లెక్క మా ఆవిడకి చూపించాను. "నేను మూడేసి అంటే మీ తలలో కొత్త అల లేచిందా" అని ఒకటే నవ్వు. ఇప్పుడు నన్ను ఏడిపించడానికి నాలుగేసి అంటోంది.

పరీక్ష చేయించాను. కుడి చెవిలో 4000 దగ్గర గోయి పడింది, 40 డెసిబెల్స్. ఎడమ కొంచెం నయం. కుడి చెవే మర వైపు ఉంటుంది, హాపర్‌లో గింజ పోసేటప్పుడు. చెవికి మఫ్స్ (రొద తగ్గించే కప్పులు) పెట్టుకోమన్నారు. పెట్టుకుంటే టక్కూ, మాటా రెండూ పోతాయేమోనని భయం. బేరం ఎలా నడపాలి?

ఈఈజీ గది, బరంపురం:

పోయిన 40 తిరిగి రాదు తమ్ముడూ, ఉన్నది కాపాడుకోవాలి. మఫ్స్ పెట్టుకో. అవి మాట లేచిపడే తీరుని చెరపవు. రొదనీ మాటనీ కలిపి దించుతాయి, సన్నని శబ్దాల్ని ఎక్కువగా, బొంగురు శబ్దాల్ని తక్కువగా. నీకు 4000 దగ్గర ఇప్పటికే గోయి ఉంది కాబట్టి మొదట్లో మాట ఇంకా మసకగా అనిపిస్తుంది, ఆ మాట నిజం.

దానికి మందు ముఖం చూడడం. నువ్వు గింజ పోస్తూ జనానికి వీపు పెట్టి నిలబడతావని నా అనుమానం. మాట్లాడేటప్పుడు నోరు కదిలే వేగం కూడా సెకనుకు 2 నుంచి 7 సార్ల మధ్యే ఉంటుంది, గొంతు వినపడడానికి 100 నుంచి 300 మిల్లీసెకన్ల ముందే పెదవి కదులుతుంది. ఆ కొలత 2009లోదే. అక్షరం ఎప్పుడు వస్తుందో పెదవి నీ మెదడుకి ముందే చెబుతుందన్నమాట. తూకం కాటాని మర ముందు వైపుకి జరిపి, బేరం అక్కడ ఎదురెదురుగా తేల్చుకున్నాకే గింజ పొయ్యి.

మోటారు వైండింగ్, రాయగడ:

కాటా జరపడం బాగానే ఉంది. క్లిప్పులు మాత్రం పీకించు.

పిండిమర, పర్లాకిమిడి:

కాటా జరిపాను. మోటా, సరు ఇప్పుడు పెదవి మీదే తెలిసిపోతున్నాయి, మోటాకి రెండు పెదవులూ కలుస్తాయి. రాయగడ అన్నా, వీ-బెల్టుకైతే పుల్లీలు రెండూ మార్చాలి కదా, ఎంతవుతుంది?

మోటారు వైండింగ్, రాయగడ:

మర వైపు పుల్లీ ఎన్ని అంగుళాలో కొలిచి పంపు. గాడి ఎన్ని పెట్టాలో అప్పుడు చెబుతాను.